దానం గారు ఆరబెట్టిన పొడి

మా కాలేజీలో ఫిజిక్స్ ల్యాబూ, మా తెలుగు శాఖ గదీ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో పాత చెక్క పార్టిషన్ ఒక్కటే అడ్డం. అటు మాటలు ఇటు, ఇటు పద్యాలు అటు వినిపిస్తూనే ఉంటాయి. నేనిప్పుడు చెప్పేదాంట్లో కొంత ఆ పార్టిషన్ ఇవతల కూర్చుని విన్నది. మిగతాది దానం గారు తర్వాత నాకు చెప్పింది.

దానం గారు ఫిజిక్స్ ల్యాబ్ అటెండరు. వయసు యాభై ఆరు. సొంతూరు మలికిపురం దగ్గర ఒక పేట. తండ్రిది దింపు పని, అంటే చెట్టెక్కి కొబ్బరికాయ దించడం. ఆయన మోకు భుజాన వేసుకుని తెల్లారకుండా బయల్దేరితే, బడి లేని రోజుల్లో దానం కూడా వెనకాలే వెళ్లి రాలిన కాయలు పోగేసేవాడట. ఇంటర్ తప్పాక రాజోలులో ఒక ఫోటో స్టూడియోలో కొన్నాళ్లు పనిచేసి, ఇరవై ఐదో ఏట మా కాలేజీలో వాచ్‌మన్‌గా చేరారు. నాలుగేళ్లకి ల్యాబ్‌లోకి మార్చారు. అప్పటినుంచి ఆ గదిలోనే ఉన్నారు.

పనిలో ఆయన పద్ధతే వేరు. కొత్త సీసా ఏది వచ్చినా మూత తియ్యకముందే త్రాసు మీద పెట్టి, తూకమూ తేదీ చిన్న కాగితం మీద రాసి సీసాకి అంటించేవారు. ఎవరూ చెప్పలేదు. స్టూడియోలో ఫోటోలు కడిగే మందు డబ్బాల మీద అలా రాసేవారట, ఆ అలవాటు ఉండిపోయింది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. ఎవరైనా అడగనిదే మందుల సీసా మూత ముట్టుకునేవారు కాదు. దానికి కారణం ఉంది. చాలా ఏళ్ల కిందట ప్రాక్టికల్స్ జరుగుతుండగా ఒక లెక్చరరు, ఆయన ఇప్పుడు లేరు, యాసిడ్ పొయ్యమని దానం గారికి చెప్పి బయటికి వెళ్లారు. అది ఒలికి ఒక విద్యార్థి చెయ్యి కాలింది. విచారణలో ఆ లెక్చరరు తాను చెప్పలేదన్నారు. అనుమతి లేకుండా అటెండరు రసాయనాలు ముట్టుకోరాదని దానం గారికి మెమో ఇచ్చారు. ఆయన ఆ కాగితాన్ని మడిచి ఇంట్లో బైబిలు పక్కన పెట్టుకున్నారు.

నాగమణి గారు మా కాలేజీకి ఫిజిక్స్ లెక్చరరుగా వచ్చి తొమ్మిదేళ్లయింది. ఉద్యోగం చేస్తూనే విశాఖపట్నంలో రాజేంద్ర గారనే ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీకి చేరారు. ఆవిడ విషయం స్మార్ట్ సిరామిక్స్. అంటే ఏమిటని నేనొకసారి అడిగితే స్టాఫ్ రూములో గ్యాస్ లైటర్ తెచ్చి టక్కుమని నొక్కి చూపించారు.

"ఈ నిప్పురవ్వ ఎక్కణ్ణుంచి వచ్చిందండీ మాస్టారూ? లోపల చిన్న పింగాణీ ముక్క ఉంది. దాన్ని కొడితే కరెంటు పుడుతుంది. దానికే కరెంటు పెడితే అది రవ్వంత కదులుతుంది. తన మీద పడ్డ ఒత్తిడిని తనే చెప్పే పింగాణీ అన్నమాట. మామూలుగా దీంట్లో సీసం వాడతారు. అది విషం కదా. నేను సీసం లేకుండా చెయ్యాలని చూస్తున్నాను."

పని వినడానికి వంటలాగే ఉండేది. పొటాషియం, సోడియం, నియోబియం ఉన్న మూడు రకాల తెల్లటి పొడులు లెక్క ప్రకారం తూచాలి. కల్వంలో స్పిరిట్ పోసి గంటల తరబడి నూరాలి. ఒకసారి కొలిమిలో కాల్చి, మళ్లీ నూరి, అచ్చులో వేసి రూపాయి బిళ్లంత బిళ్లలు నొక్కాలి. వాటిని పదకొండు వందల డిగ్రీల దగ్గర మళ్లీ కాల్చాలి. చివరికి రెండు వైపులా వెండి పూత పూసి విశాఖపట్నం పట్టుకెళ్తే, అక్కడి ల్యాబ్‌లో వాటికి ఎక్కువ వోల్టేజీ పెట్టి, నొక్కితే ఎంత విద్యుత్తు పుడుతుందో మీటరు మీద చూస్తారు. నూరడం, నొక్కడం, కొలిమి దగ్గర కాపలా, ఇవన్నీ దానం గారి పని. తూకం మాత్రం నాగమణి గారే వేసేవారు.

మూడేళ్ల కిందట మే నెలలో చేసిన బిళ్లలకి మీటరు నూట పన్నెండు చూపించింది. అంతకు ముందు ఎప్పుడూ అరవై దాటలేదు. రాజేంద్ర గారు రెండుసార్లు కొలిపించి చూశారట. నాగమణి గారు విశాఖ నుంచి వస్తూ కాకినాడ కాజా తెచ్చి మా గదిలో కూడా పంచారు. జూన్‌లో ఒక పెద్ద పత్రికకి వ్యాసం పంపారు.

ఆ తర్వాత వానలు పట్టాయి. పాత సీసాలో పొటాషియం పొడి అయిపోతే కొత్తది తెప్పించారు. జూలైలో ఒక విడత బిళ్లలు చేశారు. అంచులు పగిలాయి. ఆగస్టులో ఇంకో మూడు విడతలు. పగలకుండా నిలిచిన వాటికి మీటరు నలభై చూపించింది, తర్వాత ముప్పై ఒకటి. కొలిమి వేడి మార్చారు, నూరే సమయం మార్చారు, అచ్చు మార్చారు. సెప్టెంబరుకి ఆరు విడతలు పూర్తయ్యాయి. ఒక్కటీ నూట పన్నెండు దరిదాపులకి రాలేదు.

అదే సమయంలో పత్రిక నుంచి ఉత్తరం వచ్చింది. వ్యాసం బాగుంది, చిన్న సవరణలు చేసి రెండు నెలల్లో పంపితే వేసుకుంటామని. ఆ సాయంత్రం పార్టిషన్ అవతల నాగమణి గారు ఫోన్‌లో మాట్లాడటం విన్నాను.

"లేదు సార్, ఇంకోసారి రావట్లేదు. ఒక్కసారి వచ్చిందాన్ని ఎలా పంపను సార్?"

అవతలి మాట విని, "సరే సార్. రెండు నెలలు ఉన్నాయి కదా, చూస్తాను" అన్నారు.

అక్టోబరు మొదట్లో కాలేజీకి తనిఖీ బృందం వస్తోందన్నారు. ల్యాబ్‌లో ఉన్న ప్రతి వస్తువూ సరిచూడమని ప్రిన్సిపాల్ చెప్పారు. దానం గారు సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టి, మూతలు తియ్యకుండానే ఒక్కొక్కటీ పెద్ద త్రాసు మీద తూచుతూ పోయారు. పొటాషియం పొడి సీసా దగ్గర ఆగిపోయారు.

జూన్‌లో వచ్చినప్పుడు సీసాతో కలిపి ఐదు వందల ఎనభై ఎనిమిది గ్రాములని కాగితం మీద ఆయన చేతిరాతే ఉంది. విడతకి పద్నాలుగు గ్రాముల చొప్పున ఆరు విడతలకి ఎనభై నాలుగు గ్రాములు తీశారు. ఐదు వందల నాలుగు ఉండాలి. త్రాసు ఐదు వందల ముప్పై ఒకటి చూపిస్తోంది.

త్రాసు పాడైందేమోనని ఇత్తడి తూకపు గుళ్లు పెట్టి చూశారు. సరిగ్గానే ఉంది. పక్కనున్న నియోబియం సీసా తూచారు. లెక్క ప్రకారమే తగ్గింది. మిగిలినవీ అంతే. అప్పుడు నాగమణి గారిని పిలిచారు.

"మేడంగారూ, తీసినకొద్దీ తగ్గాలి గదండీ. ఇది ఇరవై ఏడు గ్రాములు ఎక్కువే ఉందండీ."

"తప్పు రాసుకున్నారేమో చూడండి."

"తప్పయితే ఒక సీసాకి అవుద్దండీ. మిగతా పదకొండూ సరిపోయేయండీ."

నాగమణి గారు చిన్న గాజు పళ్లెంలో రెండు గ్రాముల పొడి తీసుకుని, సన్నటి తూకాలు వేసే ఎలక్ట్రానిక్ త్రాసు మీద పెట్టారు. బయట ముసురు పట్టి ఉంది. కిటికీ తీసి ఉంది. ఇద్దరూ నిలబడి చూస్తూ ఉంటే అంకెలు వాటంతట అవే పెరగడం మొదలుపెట్టాయి. చివరి అంకె గబగబా మారుతోంది. నన్ను కూడా కేకేస్తే వెళ్లి చూశాను. పావుగంటలో ఆ పొడి తేమకి తళతళలాడుతూ పళ్లేనికి అంటుకుపోయింది.

"గాల్లో నీళ్లు తాగేస్తోంది" అన్నారు నాగమణి గారు. "నేను పద్నాలుగు గ్రాములు తూచితే దాంట్లో గ్రాము దాకా నీళ్లే. ఆ మేరకి పొటాషియం తక్కువ పడింది. పుస్తకంలో ఉంది దానం గారూ, తేమ పీలుస్తుందని. చదివేను కూడా. మన ఊరి గాలి ఎలాంటిదో ఆలోచించలేదు."

ఆవిడ మొహం తేలికపడింది. తర్వాత ఆవిడే మళ్లీ అన్నారు. "అయితే మే నెల్లో ఎందుకొచ్చింది? అప్పుడు ఎండలు గదా, గాలి పొడిగా ఉండుంటుంది. అదే రాస్తాను."

దానం గారు ఎప్పట్లా ఆయ్ అని ఒప్పుకోలేదు. సీసాలు సర్ది, తాళం వేసి, ఆటో ఎక్కి వెళ్లిపోయారు.

ఆయనకి ఆ కారణం నిజం కాదని తెలుసు. మే నెలలో నాగమణి గారు పేపర్లు దిద్దే డ్యూటీకి వెళ్లిన రోజు, కల్వం కడుగుతూ ఆయన పాత సీసాలోకి చూశారు. పొడి గడ్డకట్టి ఉంది. ఇంట్లో ఉప్పు చెమ్మగిలితే భార్య బేబి గారు మూకుట్లో వేసి వేడి చేస్తారు. మర్నాడు మేడంగారికి తూకం ఉంది కదా అని, ఆ ఒక్కసారికి తన అలవాటు తప్పి, ఆ లెక్కనే ఆయన పొడిని పింగాణీ గిన్నెలోకి తీసి ల్యాబ్ ఓవెన్‌లో పెట్టారు. సాయంత్రం తీసి మళ్లీ సీసాలో పోసి మూత బిగించారు. మర్నాడు ఉదయమే నాగమణి గారు ఆ పొడి తూచుకున్నారు. అనుమతి లేకుండా ముట్టుకున్నందుకు ఏమంటారోనని ఎవరికీ చెప్పలేదు. తర్వాత విడతలు చెడిపోతున్నప్పుడు కూడా, దీనికీ దానికీ సంబంధం ఉంటుందని ఆయనకి తట్టలేదు. త్రాసు మీద అంకెలు పెరుగుతుంటే అప్పుడు తట్టింది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని బేబి గారికి చెప్పారు.

"ఇప్పుడు చెప్పకపోతే ఏమవుద్ది?" అని అడిగారావిడ.

"ఏమవ్వదు. ఇకనించి మేడంగారే ఆరబెట్టుకుంటారు. బిళ్లలు బాగానే వస్తాయి. కానీ ఎండల వల్ల వచ్చిందని పుస్తకంలో రాస్తారు. అది అబద్ధం."

"చెప్తే?"

"ఇంకో మెమో ఇస్తారేమో. ఇంకా ఏడేళ్లుంది సర్వీసు."

బేబి గారు కూర వడ్డిస్తూ, "ఆవిడ ఆ లెక్చరరు లాంటి మనిషి కాదు. రేపు పొద్దున్నే వెళ్లి చెప్పేసెయ్యండి" అన్నారు.

మర్నాడు తొమ్మిదికి ముందే దానం గారు ల్యాబ్ తీసి కూర్చున్నారు. నాగమణి గారు బ్యాగ్ పెట్టుకుంటుండగా లేచి నిలబడ్డారు.

"మేడంగారూ, ఒక మాట చెప్పాలండీ. మే నెల్లో ఆ పొడి నేను ఓవెన్లో పెట్టేనండీ. మీరు లేనప్పుడు. అడక్కుండా పెట్టేను. తప్పేనండీ."

పార్టిషన్ ఇవతల నేను హాజరు పట్టీ తీస్తూ ఆగిపోయాను.

"ఎంతసేపు పెట్టేరు?" అన్నారు నాగమణి గారు.

"ఒంటిగంటకి పెట్టి నాలుగున్నరకి తీసేనండీ."

"వేడి ఎంత?"

"రెండొందలండీ. అంతకు ముందు ఎవరో పెట్టింది అలాగే ఉంది. నేను మార్చలేదు."

"వేడిగా ఉండగానే మూత పెట్టేరా, చల్లారేకా?"

"వేడి మీదేనండీ. చేతికి గుడ్డ చుట్టుకుని."

పెన్ను రాస్తున్న చప్పుడు వినిపించింది. అది ఆగాక దానం గారే అడిగారు. "కోపం వచ్చిందాండీ?"

"ఇన్నాళ్లూ చెప్పనందుకు వచ్చిందండీ. ఆరు విడతలు పాడయ్యేయి. నాకు నిద్ర లేదు." కుర్చీ లాగిన చప్పుడైంది. "ఆరబెట్టినందుకు కాదు. కూర్చోండి, ఎందుకు నించున్నారు?"

ఆ తర్వాతి నెలన్నర ఆ గదిలో జరిగిన పని నేను చూశాను. పొడి ఆరబెట్టినంత మాత్రాన సరిపోలేదు. ఓవెన్ నుంచి త్రాసు దాకా తెచ్చేలోపే మళ్లీ తేమ పట్టేది. దానం గారు ఎవరింట్లోనో చేపలు చచ్చిపోయి మూలపడ్డ అక్వేరియం తెచ్చారు. దాన్ని పక్కకి తిప్పి, తెరిచి ఉన్న వైపు మందపాటి ప్లాస్టిక్ బిగించి, దానికి రెండు రబ్బరు గ్లౌజులు అతికించారు. లోపల త్రాసు, తేమ పీల్చే సిలికా జెల్ గిన్నెలు. బయటి నుంచి గ్లౌజుల్లో చేతులు పెట్టి లోపల తూచాలి. నాగమణి గారు మొదటిరోజు చెంచా పట్టుకోలేక సగం పొడి ఒలకబోశారు. "నేను తూచనాండీ?" అని దానం గారు అడిగారు. ఆవిడ లేచి కుర్చీ ఇచ్చారు. ల్యాబ్‌లో ఆయన తొలిసారి మందు తూచింది ఆ రోజే.

ఐదు విడతలు చేశారు. ఇద్దరూ కలిసి బస్సులో విశాఖపట్నం వెళ్లారు. బిళ్లలు మాత్రల డబ్బాలో దూది మధ్య పెట్టుకుని దానం గారు దారంతా ఒళ్లోనే ఉంచుకున్నారు. మీటరు నూట ఎనిమిది, నూట పదిహేను, నూట నాలుగు, నూట పది, నూట పదకొండు చూపించింది. రాజేంద్ర గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇప్పుడు పంపమ్మా" అన్నారట.

నాగమణి గారు వ్యాసం మళ్లీ రాశారు. పొడిని ఎలా ఆరబెట్టాలో, తేమలో తూచితే ఏమవుతుందో, పాడైన ఆరు విడతల అంకెలతో సహా పెట్టారు. రచయితల పేర్లలో తన తర్వాత దానం గారి పేరు, ఆ తర్వాత రాజేంద్ర గారి పేరు రాశారు. రాజేంద్ర గారు ఫోన్ చేసి, "అటెండరు పేరు కింద కృతజ్ఞతల్లో వేస్తాం కదమ్మా మామూలుగా" అన్నారు.

"కారణం కనిపెట్టింది ఆయనే సార్. తూచింది కూడా ఆయనే."

ఆయన, "ఇంటిపేరు స్పెల్లింగ్ కనుక్కుని రాయి, తర్వాత మార్చడం కష్టం" అన్నారు.

వ్యాసం జనవరిలో అచ్చయింది. దానం గారి కూతురు ఏంజెల్ కాకినాడలో నర్సు. ఆ అమ్మాయి ఫోన్‌లో పేరు చూసి, స్క్రీన్ షాట్ తీసి చర్చి గ్రూపులో పెట్టింది. ఆదివారం పాస్టరు గారు లేచి నిలబడమంటే దానం గారు సిగ్గుపడి లేవలేదు. బేబి గారు మోచేత్తో పొడిచి లేపారు.

ఆ బిళ్లలు పెళుసు. కింద పడితే ముక్కలే. నాగమణి గారు తర్వాత ఆ పింగాణీని మెత్తగా నూరి, రబ్బరు లాంటి పదార్థంలో కలిపి పల్చటి పట్టీలు పోయడం మొదలుపెట్టారు. వంచినా విరగని మిశ్రమం. పట్టీకి తీగ తగిలించి వేలితో తట్టితే మీటరు తెర మీద గీత ఎగిరేది. ఈ పట్టీ ఎందుకు పనికొస్తుందో రాయమని రాజేంద్ర గారు అడిగారు. అందరూ బూట్ల అడుగున పెడతామనో, రోడ్డు కింద పెడతామనో రాస్తుంటారట. ఆవిడ ఆ మాటే అంటుంటే దానం గారు అడిగారు.

"చెట్టులో పురుగు కొరికితే చెప్పుద్దాండీ?"

ఎర్రముక్కు పురుగు సంగతి కొబ్బరి రైతులందరికీ తెలిసిందే. మాను లోపల చేరి తింటుంది. పైకి తెలిసేసరికి చెట్టు నడినెత్తిన ఉండే మొవ్వ వాలిపోతుంది, చెట్టు దక్కదు. దానం గారి తండ్రి మానుకి చెవి ఆనించి లోపల కొరికే చప్పుడు వినేవారట. కొడుక్కీ అది నేర్పారు. నాగమణి గారు ఆ మాట విన్నాక రెండు రోజులు వేరే పని పెట్టుకోలేదు.

వ్యాసం అచ్చయిన ఏడాది నవంబరులో ఐనవిల్లి దగ్గర వెంకటరాజు గారనే రైతు తోటలో ఇరవై రెండు చెట్లు ఎంచుకున్నారు. సెలవు రోజు, నేనూ వెళ్లాను. ముందు దానం గారు ఒక్కొక్క చెట్టుకీ చెవి ఆనించి, కళ్లు మూసుకుని విని, కాగితం మీద రాసి మడిచి నా చేతికి ఇచ్చారు. తర్వాత నాగమణి గారు ప్రతి మానుకీ పట్టీ చుట్టి, చిన్న పెట్టెకి తగిలించి, ఇయర్ ఫోన్స్‌తో విన్నారు. గాలికి మట్టలు ఊగితే అదీ వినిపించేది, ఆగి మళ్లీ వినాల్సి వచ్చేది. మధ్యాహ్నం మూడైంది.

నేను కాగితం విప్పాను. దానం గారు రెండు చెట్లలో పురుగు ఉందని రాశారు. పట్టీ ఆ రెండిటితో పాటు ఇంకో రెండు చెప్పింది.

"ఈ చెట్టుకేమైందండీ, ఈ యేడు నూట ఇరవై కాయ దిగింది" అన్నారు వెంకటరాజు గారు, మూడో చెట్టు మీద చెయ్యి వేసి.

దానం గారు మళ్లీ చెవి ఆనించారు. తల అడ్డంగా ఊపారు. "నాకేం వినపళ్లేదండీ రాజుగారూ. ఎడమ చెవి ఈ మధ్య సరిగా పన్జెయ్యట్లేదు. మేడంగారు చెప్పినచోట చిన్న బెజ్జం పెట్టి చూద్దాం. ఏం లేకపోతే నేనే మూసేస్తాను."

రాజుగారు సరేనన్నారు. బెజ్జం వేసే బర్మా అర అడుగు దిగేసరికి గోధుమరంగు తడి పీచు బయటికొచ్చింది. ఇంకొంచెం తవ్వితే బొటనవేలంత తెల్లటి పురుగు పడింది. దాని వెనకే ఇంకోటి. దానం గారు వాటిని ఆకు మీద పెట్టుకుని చూస్తూ ఉండిపోయారు. "మా నాన్నకి కూడా ఇది వినపడేది కాదు" అన్నారు నెమ్మదిగా.

నాలుగో చెట్టులో పురుగు లేదు. పైన మట్టల మొదట్లో చీమల పుట్ట ఉంది, పట్టీకి ఆ సందడి వినిపించింది. నాగమణి గారు దాన్ని కూడా రాసుకున్నారు. పురుగున్న మూడు చెట్లకీ మందు పోసి బెజ్జాలు మూశారు. వాటిలో రెండు కోలుకున్నాయి. ఒకటి వేసవిలో చచ్చిపోయింది, అందులో పురుగు అప్పటికే చాలా లోతుకి తినేసింది.

ఈ ఫిబ్రవరిలో వెంకటరాజు గారు కాలేజీకే వచ్చారు. ఇప్పుడు ఆయన చుట్టుపక్కల తోటల వాళ్లు నలుగురు తమ చెట్లూ చూడమని అడుగుతున్నారట. నాగమణి గారు క్లాసులో ఉంటే దానం గారే వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

"ఎప్పుడొస్తారండీ దానం గారూ? మా తోట మొత్తం చూసేద్దాం. మూడొందల చెట్లున్నాయి."

"పట్టీలు రెండే ఉన్నాయండీ, ఇంకా పొయ్యాలి. చీమల గోలకీ పురుగు గోలకీ తేడా తెలిసేలాగ మేడంగారు ఏదో చేస్తున్నారు. సోమవారం నించి పిల్లలకి ప్రాక్టికల్సు. అవి అయ్యాకా వస్తామండీ."

"తప్పకుండా రావాలి."

"ఆయ్. వస్తామండీ" అని, దానం గారు ఆయన్ని గేటు దాకా దింపి, పిల్లల ప్రాక్టికల్స్‌కి లెన్సులు తుడిచి పెట్టడానికి ల్యాబ్‌లోకి వెళ్లారు.